ఇంటికో అడ్రసు

2017 అక్టోబరు 16, సోమవారం

మా ఊళ్ళో ఏ సంగతైనా ముందు మైకులోనే వస్తుంది. సాయంత్రం ఐదింటికి అందరూ అన్నాలకి కూర్చునే వేళ యువజన సంఘం ప్రెసిడెంటు పు బియాక గొంతు కొండంతా వినిపిస్తుంది. పు అంటే మా భాషలో గారు, ఆడవాళ్ళకైతే పి. ఎవరి పంది తప్పిపోయింది, ఎవరింట్లో పెళ్ళి, ఎవరు పోయారు, అన్నీ ఆయనే చెబుతాడు. ఈరోజు మాత్రం ఆయన ఒకే సంగతి రెండుసార్లు చదివాడు. ముంబైలో ఏదో మందుల కంపెనీ ట్రస్టు వాళ్ళు దేశం మొత్తమ్మీద ఐదు చిన్న ఊళ్ళని ఎంచారట. ఎక్కువ ఓట్లు వచ్చిన ఊరికి డయాలసిస్ సెంటరు పెడతారట. మిషన్లు, నర్సులు, మందులు, అన్నీ వాళ్ళవే. ఐదింటిలో మా త్లాంగ్‌పుయి ఉంది. ఇంటికో ఓటు. ఇంటర్నెట్‌లో వేయాలి.

రోకుంగి అత్త అన్నం కలుపుతూ వింది. మన ఊళ్ళో ఎవరికే రోగముందో ముంబై దాకా పాకిందన్నమాట, ఇక దాచుకునేదేముంది అంది.

అత్త మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు, నన్ను పెంచింది. నలభై ఏళ్ళుగా చర్చిలో ఆదివారం బడి చెబుతోంది. ఊళ్ళో మీసమొచ్చిన ప్రతివాడూ ఒకప్పుడు ఆమె చేత చెవి మెలి పెట్టించుకున్నవాడే. రెండేళ్ళ క్రితం ఆమె కిడ్నీలు పనిచేయడం మానేశాయి. అప్పటినుంచీ మంగళవారం, శనివారం సుమోలో ఐజ్వాల్ వెళ్తుంది. చీకటితో బయల్దేరితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. అదే సుమోలో ఎంగి టీచరు, ఇంకా ముగ్గురు. ఎంగికి ఇంకా ముప్ఫై నిండలేదు.

 రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ మిషన్ ఇక్కడికొస్తే అత్త నడుచుకుంటూ వెళ్ళి నడుచుకుంటూ రావచ్చు.

అక్టోబరు 17

మంగళవారం. అత్త వచ్చేసరికి ఎనిమిదైంది. వాంతులు. సుమోలో ముందు సీటు ఎంగికిచ్చి తను వెనక కూర్చుందట. ఎందుకిచ్చావంటే, ఆ పిల్లకి రేపు పొద్దున్నే బడి ఉంది, నాకేముంది నీ మొహం చూడటం తప్ప అంది.

అక్టోబరు 19

ఓటింగ్ మొదలైంది. పు బియాక నిన్నట్నుంచీ మైకులో ఒకటే పాట. అందరూ అన్నాలు తిని, ప్రార్థన చేసుకుని, సరిగ్గా ఆరింటికి, ఊరంతా ఒక్కసారి ఓటు వేయాలి. విడివిడిగా ఎప్పుడు పడితే అప్పుడు వేస్తే మన ఊరి ఐకమత్యం ఎలా తెలుస్తుందీ అని.

ఆరింటికి నేను పనిచేసే కేబుల్ ఆఫీసులోనే ఉన్నాను. మా కొండ మీద ఫోన్ టవరు మాటలకి సరిపోతుంది, నెట్ అంటే ఏడిపిస్తుంది. అందుకని ఊరంతా మా కేబుల్ మీదే ఆధారపడుతుంది. స్క్రీన్ మీద నెట్ వాడకం చూపే గీత ఒక్కసారి నిట్టనిలువుగా లేచింది. లైన్‌మన్ మపుయ ఈల వేశాడు. అక్కా, ఇది చూస్తే ముంబై వాళ్ళకి కళ్ళు తిరగాలి అన్నాడు.

నాకూ సంతోషంగానే ఉంది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

అక్టోబరు 20

ముంబై వాళ్ళకి కళ్ళు తిరిగాయి.

మా ఊరికి పడ్డ ఓట్లు ఎనిమిది. అవి కూడా కొట్టేశారు. వెబ్‌సైట్‌లో ఊరి పేరు ఎర్రగా మారిపోయింది. పక్కన చిన్న అక్షరాలు: అనుమానాస్పదం. యంత్రంతో దొంగ ఓట్లు వేయించారని అనుమానమట.

ఊరు మాట పడిపోయినట్టయింది. మా రోడ్డు పక్కన మనిషి లేని దుకాణాలుంటాయి. గుమ్మడికాయ తీసుకుని డబ్బాలో డబ్బులేసి పోవడమే, ఎవరూ కాపలా ఉండరు. అలాంటి ఊరిని దొంగ అన్నారు. ఈ సాయంత్రం మైకు మోగలేదు. నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి.

అక్టోబరు 21

రాత్రి సుమో తిరిగొచ్చాక సంఘం హాల్లో అందరినీ కూర్చోబెట్టి నేనే చెప్పాల్సివచ్చింది.

ఇంటర్నెట్‌లో ప్రతి ఇంటికీ ఒక అడ్రసు నంబరుండాలి. మొదట్లో వీటిని తయారుచేసినవాళ్ళు ఎప్పటికీ తరగవనుకున్నారు. తరిగిపోయాయి. మేం కేబుల్‌లో నెట్ ఇవ్వడం మొదలుపెట్టేసరికి అడుగున మిగిలినవేవో మా చేతిలో పెట్టారు. ఎనిమిది. ఊళ్ళో రెండు వేల ఇళ్ళున్నాయి. ఆ ఎనిమిదింటినే అందరం పంచుకుంటున్నాం. లోపల ఏది ఎవరిదో నా మిషన్‌కి తెలుసు. బయటివాళ్ళకి మాత్రం త్లాంగ్‌పుయి అంటే ఎనిమిది గుమ్మాలే. ఆ ఎనిమిది గుమ్మాల్లోంచి ఒకే నిమిషంలో రెండు వేల మంది వచ్చి ఇంటికో ఓటు అంటే ఎవడు నమ్ముతాడు?

పు బియాక మొహం నల్లబడింది. అయితే అందర్నీ ఒకేసారి వేయమని నేను చెప్పడం వల్లే జరిగిందా అన్నాడు. కాదండీ, ఒక్కొక్కరే వేసినా ఎనిమిదే లెక్కపెట్టేవాళ్ళు, దొంగలు అనేవాళ్ళు కాదంతే అన్నాను. ఓదార్చబోయి ఇంకా పొడిచినట్టున్నాను.

మరి దీనికి దారి లేదా అని ఎంగి అడిగింది. ఉంది. కొత్త రకం అడ్రసులొచ్చాయి. అవి ఎంత పంచినా తరగవు, ఇంటికొకటేం ఖర్మ, చెంచాకొకటి ఇవ్వచ్చు. వాళ్ళ వెబ్‌సైట్ ఆ కొత్తవి కూడా తీసుకుంటుంది, నేను చూశాను. మా కేబులే ఇంకా వాటి మీదికి ఎక్కలేదు. ఎందుకెక్కలేదని ఎవరో అడిగారు. అందరూ పు ఛాండమ వైపు చూశారు. ఆయన మా ఓనరు. ఆయన టీ గ్లాసులోకి చూశాడు.

అక్టోబరు 22

ఆదివారం. పని లేదు. స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే అత్త చంపుతుంది.

అక్టోబరు 23

రెండు యుద్ధాలు.

ఒకటి ముంబైతో. ట్రస్టులో ఒకమ్మాయి ఫోనెత్తింది, ఓపిగ్గా వింది. నేను చెప్పిందంతా విని, మేడమ్, ఒక్కో ఇల్లు ఒక్కో అడ్రసు నుంచి కనబడితే మాకు అభ్యంతరం లేదు, పాత ఓట్లు పోయినట్టే, మేం పరీక్షించి చూసుకున్నాకే మీ ఊరికి మళ్ళీ తెరుస్తాం అంది. చివరి తేదీ మాత్రం మారదు. నవంబరు పది.

రెండోది పు ఛాండమతో. ఆయన రేడియోలు బాగుచేసే రోజుల్నుంచీ ఒకే సూత్రం మీద బతికాడు. నడుస్తున్నదాన్ని కెలకొద్దు. అమ్మాయ్, నువ్వేదో మీట నొక్కుతావు, శనివారం ఫుట్‌బాల్ మ్యాచి మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు జనం రాళ్ళు నీ మీద కాదు, నా రేకుల మీద వేస్తారు అన్నాడు. మ్యాచి కేబుల్ టీవీలో వస్తుంది, ఇంటర్నెట్‌లో కాదు అన్నాను. రెండూ ఒకే తీగలో వెళ్తాయి కదా అన్నాడు. అది నిజమే. కోపమొచ్చి, అత్తని సుమోలో ఒకసారి మీరు తీసుకెళ్ళి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నాను. అనకూడదు. పెద్దాయన.

 ఆయన ఇంగువ తిన్నవాడిలా మొహం పెట్టి, కానియ్, కానియ్ అన్నాడు.

అక్టోబరు 25

మాకు పైనుంచి లైను ఇచ్చే కంపెనీ కొత్త అడ్రసుల బ్లాకు పంపింది. పాతవి ఇంకో నాలుగు ఇవ్వండని మూడేళ్ళు బతిమాలితే లేవు పొమ్మన్నవాళ్ళు, ఇవి అడిగిన పూటే పంపారు. ఎన్నో లెక్కపెడదామని మపుయ కూర్చున్నాడు. సున్నాల దగ్గర ఆగిపోయి, అక్కా, ఇన్ని అడ్రసులకి ఇళ్ళెవరు కడతారు అన్నాడు.

ఆఫీసులో నా కంప్యూటర్‌కి మొదటి అడ్రసు ఇచ్చాను. పనిచేసింది. ఎవరికీ చెప్పకుండా ఒక గ్లాసు టీ ఎక్కువ తాగాను.

అక్టోబరు 28

శనివారం. మ్యాచి ఆగలేదు. మా ఊరి జట్టు ఓడింది. పు ఛాండమ అది కూడా నా వల్లేనన్నాడు.

అత్త ఐజ్వాల్ నుంచి బాగానే వచ్చింది. అక్కడ డాక్టరు కొత్తవాడట, కుర్రాడు, ఆమె చెయ్యి పట్టుకుని అమ్మమ్మా అని పిలిచాడట. నాలుగు గంటలు మంచానికి కట్టేస్తారు కానీ పిలుపు మాత్రం ముద్దుగా ఉంటుంది అంది. నీళ్ళు అడిగింది. ఆ జబ్బుకి నీళ్ళు ఎక్కువ తాగకూడదు, రోజుకి ఆమెకి ఇన్నే అని ఒక చిన్న లోటా ఉంది. అందులో అడుగున ఉన్నది తాగి, పెదాలు తడుపుకుని, లోటా నా వైపు బోర్లించి చూపించింది. దొంగతనం చేయలేదులే అన్నట్టు.

నవంబరు 1

పెద్ద గొడవ. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ పొద్దున నవ్వు రాలేదు.

నిన్న మూడు వీధులకి కొత్త అడ్రసులిచ్చాను. ఇవాళ పొద్దున్నే చర్చి దిగువ వీధి మొత్తం నెట్ నత్తనడక. ఫోన్ల మీద ఫోన్లు. నా మిషన్‌లో ఏ తప్పూ లేదు. మధ్యాహ్నం దాకా తల పట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఒకింట్లో పెట్టిన పాత వైఫై పెట్టె ఉంది. దాని తీగ వెనక రంధ్రంలో పెట్టాల్సింది ముందు రంధ్రంలో పెట్టారు. ఆ పెట్టె వీధి వీధంతటికీ, బయటికెళ్ళాలంటే నా లోంచి వెళ్ళండహో అని చాటింపు వేస్తోంది. కొత్త పద్ధతిలో అదొక తంటా. పెట్టెలన్నీ అమాయకంగా నమ్మేసి దాని వెంట వెళ్తున్నాయి. వీధిలో అరవై ఇళ్ళ నెట్టంతా ఆ ఒక్క పెట్టెలోంచి పోతోంది.

ఆ పెట్టె ఎవరిదా అని ఇంటింటికీ తిరిగాం. పు బియాకది.

మపుయ వీధిలోనే కూర్చుని నవ్వాడు. ఆ ఇంట్లో పెట్టెకి కూడా మైకు జబ్బేనా అన్నాడు. పు బియాక వినేశాడు. తిడతాడనుకున్నాను. కాసేపు చూసి, తీగ ఎవరు పెట్టారో నేనడగను, నేనే పెట్టాను అన్నాడు. వాళ్ళావిడ లోపల్నుంచి నవ్వింది. ఇలాంటి పెట్టెలు చాటింపు వేసినా మిగతావి వినకుండా సాయంత్రానికి వీధి తీగలన్నీ కలిసే స్విచ్చి పెట్టెల్లో ఏర్పాటు చేశాను.

నవంబరు 4

సంఘం కుర్రాళ్ళు, అమ్మాయిలు ఇంటింటికీ వెళ్తున్నారు. పెట్టెల్లో సెట్టింగ్ మార్చాలి. ఎవరూ జీతం అడగలేదు, అడగరు కూడా. నేను ఒకసారి చూపించాను, వాళ్ళు పదిమందికి చూపించారు. కొన్ని పెట్టెలు మరీ పాతవి, కొత్త అడ్రసంటే ఏమిటో వాటికి తెలియదు. వాటి బదులు పు ఛాండమ తన గోడౌన్ తెరిచి కొత్తవి ఇచ్చాడు. నేను అడగలేదు. ఏమీ అనకండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎంగి కూడా తిరుగుతోంది. సాయంత్రం డయాలసిస్ నుంచి వచ్చి సుమో దిగి, బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని, రెండు ఇళ్ళు చూసింది. పాదాలు వాచి ఉన్నాయి. ఇంటికి పో అని కసిరాను. మిషన్ వస్తే దాని మీద పడుకునేది నేనే కదా అక్కా, నా వంతు నేను చెయ్యొద్దా అంది.

అత్త మా ఇంటి పెట్టె తనే మార్చింది. నా పక్కన కూర్చుని ఏ మీట ఎందుకో అడిగి అడిగి నొక్కింది. అయిందా, ఇప్పుడు ఈ ఇంటికి సొంత నంబరు వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. చదవమంది. చదివాను. చాలా పొడుగుంది, నా వల్ల కాదు అంది.

నవంబరు 6

ట్రస్టు అమ్మాయి ఫోన్. పరీక్ష పాసయ్యాం. త్లాంగ్‌పుయి ఇప్పుడు నిజంగా రెండు వేల ఇళ్ళు. శుక్రవారం, చివరి రోజు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మా ఊరికి తెరుస్తారు. మిగతా నాలుగు ఊళ్ళు ఇప్పటికే చాలా ముందున్నాయి. మొదటి ఊరిని దాటాలంటే దాదాపు ప్రతి ఇల్లూ వేయాలి.

మైకు మళ్ళీ మోగింది. ఈసారి పు బియాక, ఐదు నుంచి ఎనిమిది లోపల ఎవరికి వీలైనప్పుడు వారు, ఎవరింట్లో వారు, తొందర లేదు అన్నాడు.

నవంబరు 7, మంగళవారం

రోడ్డు వెడల్పు చేసే పనిలో కొండ చరియ విరిగిపడింది. సుమో సగం దూరం వెళ్ళి తిరిగొచ్చింది. డయాలసిస్ లేదు.

నవంబరు 8

రోడ్డు తెరవలేదు. అత్త కాళ్ళు వాచాయి. లోటా పక్కన పెట్టేసింది, దాహం లేదంటోంది. ఆమె దాహం లేదనడం నేనెప్పుడూ వినలేదు.

నవంబరు 9

ఎంగి, మిగతా ముగ్గురూ బానే ఉన్నారు, చిన్నవాళ్ళు. అత్త కూర్చునే నిద్రపోతోంది, పడుకుంటే ఊపిరాడటం లేదు. మా ఊరి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు, ఐజ్వాల్ తీసుకెళ్ళాలి అన్నాడు. ఎలాగ అని అడిగాను. ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు.

రేపు మధ్యాహ్నానికి రోడ్డు తెరుస్తారట. సుమో గుమ్మంలో పెట్టించాను.

అత్త రాత్రి కొంచెం మాట్లాడింది. నువ్వెందుకట్లా నిలబడి ఉంటావు, కూర్చోవే, నీ కాళ్ళు చూస్తుంటే నాకు నొప్పులొస్తున్నాయి అంది.

నవంబరు 10

అత్త పోయింది. పదకొండున్నరకి. రోడ్డు రెండింటికి తెరిచారు.

నవంబరు 12, ఆదివారం

శుక్రవారం సాయంత్రం సంగతి ఇవాళ రాస్తున్నాను. నిన్న చేతులు ఆడలేదు.

మా దగ్గర ఒక ఇంట్లో మరణముంటే ఊరికి ఇంకే పనీ ఉండదు. కుర్రాళ్ళు గొయ్యి తవ్వుతారు, ఆడవాళ్ళు టీ కాస్తారు, సాయంత్రానికి అందరూ ఆ ఇంటికొచ్చి డోలు పెట్టుకుని పాటలు పాడతారు. ఆ ఇంటివాళ్ళని ఒంటరిగా వదలరు. సంఘం ఆ రోజు పెట్టుకున్న కార్యక్రమమేదైనా దానంతటదే రద్దు. పన్నెండింటికి మైకులో పు బియాక అత్త పేరు చెప్పాడు. తర్వాత కాసేపు మైకు అలాగే ఆన్‌లో ఉండిపోయింది, ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆయన చెవి కూడా అత్త మెలిపెట్టిందే. ఆ తర్వాత, ఈ సాయంత్రం అన్ని కార్యక్రమాలూ రద్దు అని చెప్పాడు. ఓటు అనే మాట అనలేదు. అనక్కర్లేదు.

ఐదింటికల్లా మా ఇల్లు, ముంగిలి, మెట్లు, పక్క మూడిళ్ళ ముంగిళ్ళు, వీధి చివరిదాకా నిండిపోయాయి. ఏ వీధి వాళ్ళూ ఆగలేదు. నలభై ఏళ్ళ ఆదివారం బడి మొత్తం వచ్చింది. మా ఇంటి బల్లల మీద చోటు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డారు. పాటలు మొదలయ్యాయి.

ఓటు సంగతి నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. ఐదు నుంచీ గుర్తుంది. ఊరంతా మళ్ళీ ఒకే ఇంట్లో ఉంది. ఇక్కడ ఎన్ని ఫోన్లలో ఎన్నిసార్లు నొక్కినా అది ఒక్క ఇల్లే. నేను ఆ అడ్రసులు పంచిందంతా ఖాళీ ఇళ్ళకి. అలా అనుకున్నందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. అత్త తల దగ్గర కూర్చుని లెక్కలేస్తున్నానేమిటి అనుకున్నాను. ఆరయింది. ఆరున్నర దాటింది.

ఎంగి నా ఎదురుగా, గోడ దగ్గర, తలొంచుకుని కూర్చుంది. ఆమె పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. పాడుతోంది. ఒక చరణం దగ్గర ఊపిరి చాలక ఆగి, మళ్ళీ అందుకుంది.

పాట అయ్యాక లేచి నిలబడ్డాను. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు లేవరు, మాట్లాడరు. అందరూ నా వైపు చూశారు. నాకేదో అయిందనుకుని ఒకావిడ నీళ్ళు తెచ్చింది. నేను, అందరూ ఇళ్ళకి వెళ్ళండి అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఇళ్ళకి వెళ్ళి ఓటు వేసి రండి, ఎనిమిదింటిదాకా ఉంది అన్నాను.

పు బియాక నెమ్మదిగా, తల్లీ, ఈ ఊళ్ళో ఎప్పుడూ అలా జరగలేదు, మనిషిని ఒంటరిగా వదిలి ఎవరం వెళ్ళం అన్నాడు. కోపంగా అనలేదు. నాకు మతి పోయిందని జాలిపడి అన్నాడు. వెనకనుంచి ఎవరో, ఓట్లదేముంది, ఇవాళ అదా అన్నారు. ఇంకెవరో అవును అన్నారు.

నాకు కోపమొచ్చింది. అత్త ఒంటరిగా ఎందుకుంటుంది, నేనున్నాను కదా అన్నాను. ఈమె రోగంతో పోలేదు, దారితో పోయింది అన్నాను. రేపు చీకటితో ఎంగి ఇదే దారిన బయల్దేరుతుంది, అప్పుడు ఎవరం ఏ పాట పాడాలో ఇప్పుడే ఎంచుకుందామా అన్నాను. ఎంగి మొహం చేతుల్లో దాచుకుంది. అలా పేరు పెట్టి అనాల్సింది కాదు. కానీ అన్నాను, వెనక్కి తీసుకోను.

 ముందు పు ఛాండమ లేచాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చుంటే లేవడం కష్టం. మపుయ భుజం పట్టుకుని లేచాడు. గుమ్మంలో వందల జతల చెప్పుల్లో తనవి వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరూ ఆయన్నే చూశారు. చెప్పులు దొరికాయి. నేను మళ్ళీ వస్తాను, నా చోటు ఎవరూ ఆక్రమించకండి అని వెళ్ళిపోయాడు.

ఒక్కొక్కరే లేచారు. డోలు వాయించే ఆయన డోలుని జాగ్రత్తగా గోడకి ఆనించి లేచాడు. పు బియాక ఆఖరున లేచాడు. అత్త పాదాల దగ్గర వంగి ఏదో చెప్పుకున్నాడు. అక్కణ్ణించి బయటికెళ్ళాడు. కాసేపటికి మైకు మోగింది. ఇంకా ఇళ్ళలోనే ఉన్న ముసలివాళ్ళకీ, మంచాల మీద ఉన్నవాళ్ళకీ చెబుతున్నాడు. ఓటు వేయండి, వేసి రండి, పి రోకుంగి ఎదురుచూస్తోంది అన్నాడు.

మా ఇంట్లో నేను, అత్త మిగిలాం. మరణమున్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి మీద టీ గిన్నె మాత్రం కుతకుతలాడుతోంది. దుప్పటి సర్దాను. సర్దడానికేం లేదు, ఊరికే. నీ బడి మొత్తాన్ని బయటికి పంపేశాను, తిట్టు అన్నాను. ఆమె తిట్టలేదు. అప్పుడు ఏడ్చాను. మధ్యాహ్నం నుంచీ రాని ఏడుపంతా వచ్చింది.

ఫోన్‌లో ఆఫీసు స్క్రీన్ తెరిచాను. అలవాటు. మొదట ఏమీ లేదు. తర్వాత చర్చి దిగువ వీధిలో ఒక ఇల్లు కదిలింది. దాని పక్క ఇల్లు. ఎగువ వీధిలో రెండు. పు ఛాండమ ఇల్లు. ఒక్కొక్క అడ్రసూ వేరుగా, ఎవరి వరసలో వారు, తొందర లేకుండా వస్తున్నారు. ఏ ఇల్లు ఎవరిదో నాకు తెలుసు. ఆ నంబర్లన్నీ నేనిచ్చినవే. లెక్కపెట్టలేదు. కంటబడిన పేర్లు అత్తకి పైకి చదివి వినిపించాను. ఇదుగో లియానా వాళ్ళు. ఇదుగో బడి మెట్ల దగ్గర విధవరాలు. ఇదుగో ఎంగి.

చివరికి మా ఇల్లు మిగిలింది. అత్త వేయాల్సిన ఓటు. పేజీ తెరిచి, ఆమె చెయ్యి పట్టుకుని, నా వేలితోనే నొక్కాను. ఈ ఇంటి ఓటు నమోదైంది అని వచ్చింది.

ఎనిమిదింటికి ముందే అందరూ తిరిగొచ్చేశారు. పు ఛాండమ చోటు ఎవరూ తీసుకోలేదు. పు బియాక నా పక్కన కూర్చున్నాడు. డోలు మొదలైంది. ఆగిన పాట మళ్ళీ మొదటినుంచి పాడారు.

నిన్న ఖననం చేశాం.

నవంబరు 14

మపుయ పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. మన ఊరే. చెప్పి, నా మొహం చూసి, నిలబడి తల గోక్కున్నాడు. సంతోషించరా అన్నాను. నాక్కూడా సంతోషంగానే ఉందన్నాను. ఉంది. రెండూ ఉన్నాయి.

2018 మార్చి 6, మంగళవారం

సెంటరు ఈరోజు తెరిచారు. ఎంగి మిషన్ మీద నాలుగు గంటలూ నిద్రపోయింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ముంబై నుంచొచ్చిన నర్సుకి ఇక్కడెవరూ తెలియదు. మీరు ఎవరి తాలూకు అని అడిగింది. ఎవరి తాలూకూ కాదన్నాను. సరే కూర్చోండి అంది.